నిద్రపొమ్మన్న మేనమామ



1988 అక్టోబరు 2 మొదలుకొని 1990 జూన్ వరకు ఆదివారం ఉదయం అంటే మన దేశంలో చాలా ఇళ్లలో ఒకటే అర్థం: దూరదర్శన్‌లో ‘మహాభారత్’. బి.ఆర్. చోప్రా నిర్మించిన ఆ సీరియల్ 94 భాగాలు నడిచింది. వీధికి ఒకటో రెండో టీవీలుండే రోజులవి. టీవీ ఉన్న ఇంటి వసారా పొద్దున్నే నిండిపోయేది. ప్రసంగం పది నిమిషాలు దాటితే గుడిలో వెనుక వరుసలు ఖాళీ అయ్యేవని పెద్ద గురువులు చెప్పుకొని నవ్వుకునేవారు. మనలో చాలామందికి ఆ హిందీ సగమే అర్థమయ్యేది. అయినా ఇబ్బంది లేకపోయింది. తిక్కన గారి పుణ్యమా అని, తోలుబొమ్మలాటల పుణ్యమా అని కథ మనకు ముందే తెలుసు. ఆ సీరియల్‌కు మాటలు రాసినది రాహీ మాసూమ్ రజా అనే ముస్లిం రచయిత. కాబట్టి ఒక కతోలిక గురువు దాని గురించి రాస్తే ఎవరూ ఆశ్చర్యపోనక్కరలేదు.

2020 మార్చి 28 నుండి, లాక్‌డౌన్ మొదలైన మూడు రోజులకే, దూరదర్శన్ వారు దానిని మళ్లీ ప్రసారం చేశారు. గుళ్ల తలుపులు మూసి ఉన్నాయి. ఈస్టరు పూజ కూడా విశ్వాసులు లేకుండానే చేసిన సంవత్సరమది. సాయంత్రాలు బంగళాలో కూర్చొని నేనూ చూశాను. కుర్రతనంలో చూసినప్పుడు మా కళ్లు భీముడి గద మీద, కర్ణుడి రథం మీద ఉండేవి. ఈసారి మాత్రం నా చూపు అశ్వత్థామ మీద నిలిచింది. ఆ పాత్ర వేసిన ప్రదీప్ రావత్‌ను మీరు 2004లో వచ్చిన ‘సై’ సినిమాలో ప్రతినాయకుడిగా చూసి ఉంటారు. యుద్ధంలో తండ్రి చనిపోయేవరకు అశ్వత్థామ ఒక మాదిరి మనిషే. గురుపుత్రుడు, వీరుడు, స్నేహితుడి కోసం నిలబడేవాడు. తండ్రి చనిపోయిన మూడు రోజులకు నిద్రపోతున్న పిల్లలను చంపినవాడయ్యాడు. ఆ మూడు రోజుల్లో ఏమి జరిగింది? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచినది అదే. సీరియల్‌లో చూసినదానితో ఆపక, మూలకథలో ఉన్న సంగతులు కూడా చెబుతాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. అశ్వత్థామకు జరిగిన అన్యాయం నిజమైనది. ద్రోణుణ్ణి ఎదిరించి గెలవలేక, అశ్వత్థామ చనిపోయాడని ఆయనకు చెప్పారు. చనిపోయింది ఆ పేరుగల ఏనుగు. ధర్మరాజు ‘కుంజరః’ అన్న మాటను వినీ వినబడనట్టు గొణిగాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలను తాకిందని కథ చెబుతోంది. కొడుకు పోయాడని నమ్మిన ముసలి తండ్రి ఆయుధాలు కింద పెట్టి ధ్యానంలో కూర్చుంటే, ధృష్టద్యుమ్నుడు వచ్చి జుట్టు పట్టుకొని తల నరికాడు. వద్దు వద్దని అర్జునుడు కేకలు వేస్తున్నా ఆగలేదు. ఏ కొడుకు గుండె మండదు?

మరి ధృష్టద్యుమ్నుడి సంగతి? అతని తండ్రి ద్రుపదుణ్ణి ద్రోణుడు చంపింది ఆ ఉదయమే. అంటే తండ్రిని పోగొట్టుకున్న ఒక కొడుకు మధ్యాహ్నానికి ఇంకొక కొడుకును తండ్రి లేనివాణ్ణి చేశాడు. లెక్క ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ పోతే ఆ దారికి చివర ఉండదు. పొలం గట్టు తగాదాల్లో మీరు చూడలేదా? ఎవరిని అడిగినా ‘ముందు వాళ్లే’ అంటారు.

తండ్రి మరణవార్తను అశ్వత్థామకు చెప్పడానికి దుర్యోధనుడికి నోరు రాలేదు. చివరికి మేనమామ కృపాచార్యుడే చెప్పాడు. విన్న అశ్వత్థామ కన్నీళ్లను పదే పదే తుడుచుకుంటూనే కోపంతో ఊగిపోయాడు. ఏడుపూ కోపమూ ఒకే కంట్లో నుంచి వచ్చాయన్న మాట.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమా అక్వినాసు వారి గ్రంథంలో ఈ సంగతే చదివాము. పదమూడవ శతాబ్దపు ఆ మహాపండితుడు కోపం దుఃఖంలోనుంచి పుడుతుందని అంటారు. దుఃఖం కలిగించినవాడికి తిరిగి దెబ్బ కొట్టగలనన్న ఆశ దానికి తోడైతే అది కోపమవుతుంది. ఆ ఆశ లేకపోతే దుఃఖం దుఃఖంగానే ఉంటుంది. అందుకే కోపం ఎప్పుడూ న్యాయం వేషం వేసుకొని వస్తుంది. తాను అన్యాయం చేస్తున్నానని కోపగించినవాడు ఒక్క క్షణం కూడా అనుకోడు. కోపమంతా పాపమని తోమా వారు అనలేదు సుమా. ఆప్తుల చావుకు కుమిలిపోవడం పాపం కానే కాదు. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీరు కార్చారు కదా.

మరి పతనం ఎక్కడ మొదలవుతుంది?

పద్దెనిమిదో రోజు రాత్రికి కౌరవ పక్షంలో మిగిలింది ముగ్గురే: అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. తొడ విరిగి నేలమీద పడి ఉన్న దుర్యోధనుణ్ణి చూసి, అడవిలో ఒక మర్రిచెట్టు కింద చేరారు. మిగతా ఇద్దరూ అలసి కన్నుమూశారు. అశ్వత్థామకు నిద్ర రాలేదు. చెట్టు మీద వందల కాకులు నిద్రపోతున్నాయి. ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చి వాటిని ఒక్కొక్కటిగా చంపింది. అశ్వత్థామకు దారి దొరికింది. మామను తట్టి లేపాడు.

ఇక్కడ కృపాచార్యుడు అన్న మాటలు ప్రతి కతోలిక కుటుంబ పెద్దా తెలుసుకోదగినవి. ‘నిద్రపోతున్నవారిని చంపడం ధర్మం కాదు. ఈ రాత్రికి కవచం విప్పి నిద్రపో. ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడుగుదాం. వారు చెప్పినట్టు చేద్దాం. యుద్ధమే కావాలంటే తెల్లవారాక ముగ్గురం కలిసి ఎదురుగా వెళదాం’ అన్నది దాని సారాంశం. గమనించారా? దుఃఖపడవద్దని అనలేదు. నీకు అన్యాయం జరగలేదనీ అనలేదు. ఈ ఒక్క రాత్రి గడవనివ్వమన్నాడు. పెద్దల దగ్గరకు వెళ్దామన్నాడు.

తోమా అక్వినాసు వారు దుఃఖానికి మందులు ఏమిటని ప్రశ్నించుకొని, కన్నీళ్లు, స్నేహితుల ఓదార్పు, సత్యధ్యానం, వీటితో పాటు ‘నిద్ర, స్నానం’ అని కూడా రాశారు. అంత గంభీరమైన వేదాంత గ్రంథంలో స్నానం సంగతేమిటని మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు నవ్వుకున్నాము. ముప్పై ఏళ్లుగా చావు ఇళ్లకు వెళ్లి వస్తూ ఉంటే ఇప్పుడు నవ్వు రావడం లేదు. సమాధి దగ్గరనుంచి రాగానే ముందు నీళ్లు పోసుకోమని, తర్వాత రెండు ముద్దలు తినమని బలవంతపెట్టే మన పెద్దమ్మలు, మేనత్తలు ఆ గ్రంథం చదవకపోయినా దానిని ఆచరిస్తూనే ఉన్నారు.

అశ్వత్థామ జవాబు కూడా వినండి. దుఃఖంలో, కోపంలో ఉన్నవాడికి నిద్ర ఎక్కడిదన్నాడు. ధర్మపు హద్దు ముందు దాటింది వాళ్లేనంటూ పాండవులు చేసిన తప్పులన్నీ వరుసగా చెప్పాడు. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. చివరకు, ఈ పని చేసినందుకు వచ్చే జన్మలో పురుగునై పుట్టినా సరేనన్నాడు. తన ఆత్మకు ఏమవుతుందో అతనికి స్పష్టంగా తెలుసన్న మాట. తెలిసే ఒప్పుకున్నాడు. ‘నాకింత దుఃఖం కలిగింది, కనుక నాకిక ఏదైనా చేసే హక్కు ఉంది’ అన్న చోట అతడు దుఃఖితుడిగా ఉండడం మానేసి అప్పు వసూలు చేసేవాడయ్యాడు. పోయిన తండ్రి ఆ మాటల్లో ఇక కనబడడు. ఎంత రావాలి, ఎవరి దగ్గర వసూలు చేయాలి అన్నదే కనబడుతుంది.

తర్వాత జరిగినది మీకు తెలుసు. ధృష్టద్యుమ్నుణ్ణి నిద్రలోనే పట్టి, కత్తితో చంపమని అతను వేడుకున్నా వినక కాళ్లతో తన్ని చంపాడు. ద్రౌపది ఐదుగురు కొడుకులను చంపాడు. నిజానికి అతను పగ పట్టిన పాండవులు ఆ రాత్రి శిబిరంలో లేనే లేరు. పగ ఎప్పుడూ చిరునామా తప్పుతుంది. ఆ తర్వాత ఉత్తర కడుపులో ఉన్న పసిగుడ్డు మీదకు కూడా అస్త్రం వేశాడు. మొదట తండ్రిని చంపినవాడు, తర్వాత వాడి బంధువులు, చివరకు ఇంకా పుట్టనివాడు.

అయితే ప్రియ పాఠకులారా, నన్ను ఎక్కువగా బాధించినది అశ్వత్థామ కాదు. ఆ మేనమామ. నిద్రపొమ్మని చెప్పిన కృపాచార్యుడు ఆ రాత్రి ఎక్కడ ఉన్నాడో తెలుసా? శిబిరం వాకిట్లో. మేనల్లుడు రథమెక్కి బయలుదేరితే వెనకాలే వెళ్లాడు. లోపల అశ్వత్థామ చంపుతుంటే, ప్రాణభయంతో బయటికి పరుగెత్తుకొచ్చిన వారిని కృపుడు, కృతవర్మ వాకిట్లో నిలబడి నరికారు. శిబిరానికి నిప్పు కూడా పెట్టారు. ధర్మం తెలిసినవాడే, చక్కగా చెప్పినవాడే, ఒకసారి చెప్పి వినకపోతే తానూ కత్తి పట్టుకొని నిలబడ్డాడు. ఒంటరిగా పంపడం ఇష్టం లేక వెళ్లి ఉంటాడు. మనవాడు కదా, వదిలేస్తామా అనుకొని ఉంటాడు.

మన పరిశుద్ధ గ్రంథంలో ఇదే కథ ఇంకొక చోట ఉంది. యోవాబు తమ్ముడు అసాహేలును యుద్ధంలో అబ్నేరు చంపాడు. అది కూడా, నన్ను తరమవద్దు, మీ అన్న ముఖం ఎలా చూడనని బతిమాలాక, వేరే దారి లేక. తర్వాత సంధి కుదిరింది. అయినా యోవాబు హెబ్రోను పురద్వారం దగ్గర ఏదో రహస్యం చెప్పేవాడిలా అబ్నేరును పక్కకు తీసుకొనిపోయి కడుపులో పొడిచాడు. దావీదు రాజు పాడె వెంట నడిచి ఏడ్చాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. అన్నదమ్ములు నాకంటే బలవంతులైపోయారని వాపోయాడు. కానీ యోవాబును సేనాధిపతి పదవినుంచి మాత్రం కదిలించలేదు. కొన్నేళ్లకు యోవాబు తన సొంత బంధువు అమాసాను ముద్దు పెట్టుకునే నెపంతో గడ్డం పట్టుకొని పొడిచాడు. ఈసారి తమ్ముడి చావు సాకు కూడా అక్కరలేకపోయింది. చేయి అలవాటు పడింది. దావీదు అన్నది మంచి మాటే, ఏడ్చినది నిజమైన ఏడుపే. అయినా వాకిట్లో నిలబడినవాడే అయ్యాడు. (ఓపిక ఉన్నవారు సమూవేలు రెండవ గ్రంథం రెండు, మూడు, ఇరవై అధ్యాయాలు చదవండి.)

మన చావు ఇళ్లలో వినబడే మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ‘ఏరా, ఊరుకుంటావా?’ ‘నీ ఒంట్లో ఉన్నది మీ నాన్న రక్తమేనా?’ ‘వాళ్లను ఏదో ఒకటి చేయందే ఆయన ఆత్మ శాంతించదు.’ పెదనాన్నలు, బాబాయిలు, మేనమామలు అరుగుమీద కూర్చొని అనే మాటలివి. తర్వాత వాళ్లు భోజనం చేసి ఊరికి వెళ్లిపోతారు. ఆ మాట మాత్రం కుర్రవాడి దగ్గర ఉండిపోతుంది. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ కాలం నుండి మన సినిమాలు కూడా ఇంట్లో చావుకు బదులు తీర్చుకునేవాణ్ణే కథానాయకుణ్ణి చేసి ఈలలు వేయించాయి. ఇంట్లో ఒక బిడ్డ జ్వరంతో చనిపోతే చేతబడి చేసిందని పొరుగింటి ముసలమ్మను కొట్టి చంపిన వార్తలు తెలుగు పత్రికల్లో నేటికీ చదువుతున్నాం. అలాంటి చోట కూడా లోపలికి వెళ్లేది ఒకరిద్దరే. వాకిట్లో నిలబడేది ఊరు.

‘ఆయన ఆత్మ శాంతించదు’ అన్న మాటకు తిరుసభ జవాబు ఎప్పుడో చెప్పింది. యూదా మక్కబీయుడు కూడా సేనాధిపతే. యుద్ధంలో తనవారు కూలిపోయారు. ఆయన సైనికుల దగ్గర రెండు వేల వెండి నాణేలు పోగుచేసి, మృతుల పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపాడు. చనిపోయినవారికి మనం చేయగలిగినది అదే: ప్రార్థన, దివ్యబలిపూజ, వారి పేరిట బీదలకు ఒక పూట అన్నం. ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మకు మన పగ చల్లని నీటి చుక్క కాదు.

గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. 2021 మే నెలలో ఒక తల్లి కరోనాతో చనిపోయింది. చిన్న కొడుకు ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. మూడో రోజు శవమే వచ్చింది. ఇంట్లోనే ఉంచి చూసుకుంటే బతికేదని పెద్ద కొడుకు నమ్మకం. తల్లి ముఖం చూడనివ్వలేదు, సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు, ఇంటికి ఓదార్చడానికి వచ్చినవారు లేరు. నీళ్లు పోసుకో, రెండు ముద్దలు తిను అనేవారు లేని చావు అది. ఒకప్పుడు వీధిలో జపమాల నడిపించిన ఆ పెద్దాయన మొదట తమ్ముడితో మాట మానేశాడు. తర్వాత ఉమ్మడి వాకిట్లో గోడ లేచింది. తర్వాత పొలానికి వెళ్లే గట్టు దారి మూసుకుపోయింది. పిల్లలు కలిసి ఆడుకోకూడదన్నాడు. మొన్న వేసవిలో ఒక రాత్రి తమ్ముడి పొలంలో మోటారు పైపులు కోసి ఉన్నాయి. ఎవరు కోశారో ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. ‘పాపం, తల్లి పోయిన బాధ’ అంటారు. ఇన్నేళ్ల తర్వాత అది తల్లి పోయిన బాధేనా? నాకు సందేహం.

ఆ అన్నదమ్ములకు మేనమామ ఉన్నాడు. ఎనభై దాటినవాడు, దైవభక్తి గలవాడు. మొదట్లో పెద్దవాణ్ణి కూర్చోబెట్టి మంచి మాటలే చెప్పాడట. తర్వాత గట్టు దారి గురించి తమ్ముడి మీద రాసిన అర్జీలో సాక్షి సంతకం ఆయనదే.

చావు లెక్క ఇంకొక రకంగా కూడా ముగియవచ్చని మన భాషలోనే పోతన గారి భాగవతం చెబుతుంది. తిక్కన గారి భారతంలో కథ కొంచెం వేరు. భాగవతంలో మాత్రం అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. నిద్రలో ఉన్న పసివాళ్లను చంపడానికి నీకు చేతులెలా వచ్చాయని ఆమె నిలదీస్తుంది. ఆ పద్యాలు చాలామంది బడిలో చదువుకొని ఉంటారు. అంతా అడిగాక విడిచిపెట్టమంటుంది. ఎందుకు? ఇతని తల్లి కృపి ఇంకా బతికి ఉంది. నాలాగా ఆమె ఏడవకూడదు అంటుంది. ఐదుగురు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఆ క్షణంలో ఇంకొక తల్లిని చూడగలిగింది. తన దుఃఖాన్ని తగ్గించుకోలేదు, తప్పును తప్పు అనడం మానలేదు. ఇంకొక ఇంటికి దానిని పంపనన్నది, అంతే.

సౌలు ఉంపుడుకత్తె రిస్పా కూడా అలాంటిదే. ఆమె ఇద్దరు కొడుకులను, మరి ఐదుగురితో పాటు కొండమీద వేలాడదీశారు. ఆమె ఎవరినీ శపించినట్టు గ్రంథంలో లేదు. బండమీద గోనెపట్ట పరచుకొని, కోతకాలం మొదలైనప్పటినుంచి వానలు పడేవరకు అక్కడే కూర్చుంది. పగలు పక్షులను, రాత్రి మృగాలను శవాల దగ్గరకు రానివ్వలేదు. పరాయి తల్లి కన్నవాళ్లకు కూడా కాపలా కాసింది. చివరకు దావీదు మనసు కరిగి అందరి ఎముకలను గౌరవంగా సమాధి చేయించాడు. ఆమె కూడా రాత్రులు నిద్రపోలేదు. అశ్వత్థామకు వచ్చిన రాత్రే ఆమెకూ వచ్చింది.

కాబట్టి మీ బంధువుల్లో చావు జరిగినప్పుడు సమాధి కార్యక్రమం అయిపోగానే బస్సు ఎక్కకండి. జనం పలచబడ్డాక, మూడో రాత్రి, నాలుగో రాత్రి ఆ ఇంట్లో పడుకునేవారు కావాలి. తప్పెవరిదన్న చర్చ వచ్చినప్పుడు, అది తెల్లవారాక చూద్దాం, ముందు కాస్త తిను అనేవారు కావాలి. ఒకసారి చెప్పి వదిలేయకుండా నలభైవ రోజు పూజకు వచ్చి మళ్లీ చెప్పేవారు, వినకపోతే కనీసం సాక్షి సంతకం పెట్టనివారు కావాలి. దుఃఖంలో ఉన్నవాణ్ణి ఒంటరిగా వదలడం తప్పే. వాడితో కలిసి శిబిరం దాకా వెళ్లడం తోడు ఉండడం కాదు. కోర్టుకు వెళ్లవద్దని, అన్యాయాన్ని మింగమని నేను చెప్పడం లేదు. నిజంగా అన్యాయం జరిగితే పట్టపగలు, పెద్దల ఎదుట అడగండి. కృపాచార్యుడు మొదట చెప్పినది కూడా అదే కదా.

నవంబరు 2, మృతుల స్మరణ దినం దగ్గరపడుతోంది. సమాధులకు సున్నాలు వేసే రోజులివి. నేను చెప్పిన ఆ మేనమామ గారింటికి పోయిన వారం వెళ్లాను. మీ చెల్లెలి సమాధికి ఈ ఏడు సున్నం మీరే వేయండి, బకెట్ ఒకరిచేత, చీపురు ఒకరిచేత పట్టించి ఇద్దరు మేనల్లుళ్లనూ మీరే పిలుచుకు రండి, నేను అక్కడే ఉంటాను అన్నాను. ఆయన చాలాసేపు పై కండువా మడతలు సరిచేసుకుంటూ కూర్చున్నాడు. ‘చూద్దాం ఫాదర్ గారూ’ అన్నాడు.